మీరు యార్డులో చేసే పనే మీ అమ్మాయీ చేస్తోంది

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. సెలవులకి ఇంటికొస్తే మాత్రం చైనా టీవీ, రష్యా టీవీ, బీబీసీ అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. రాత్రి నేను న్యూస్ పెడితే ‘ఇది ఎవరు చెప్పారు నాన్నా, వాళ్లకెలా తెలుసు’ అని అడ్డు తగులుతుంది. ఇంజనీరింగ్ వద్దట. ప్రపంచ వార్తల్ని దేశాలు తమవైపు ఎలా తిప్పుకుంటాయో చదువుతుందట. జర్నలిజమా, ఇంటర్నేషనల్ రిలేషన్సా, చైనా భాషా, ఏది నయమో మూడింటినీ పోల్చి చెప్పండి. చైనా భాష నేర్చుకుంటే రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో ఇబ్బంది రాదు కదా? అసలు పిల్లని ఎవరైనా బ్రెయిన్‌వాష్ చేశారేమోనని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.
(ఒక తండ్రి, మిర్చి కమీషన్ వ్యాపారం, గుంటూరు)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. కోర్సుల గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం. మిగతా అంతా అమ్మాయి మీకు ఎదురు ప్రశ్న వేస్తోందన్న బాధే. ఇరవై ఏళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని వింటున్నాను. ఒకరి కొడుకు సినిమాలంటాడు, ఒకరి కూతురు సైకాలజీ అంటుంది. కోర్సు పేరు మారుతుంది గానీ అమ్మానాన్నల గొంతులో ఉండే భయం మాత్రం మారదు: పిల్ల మన చేతుల్లోంచి జారిపోతోందా?

ముందు దానికే జవాబు చెబుతాను. బ్రెయిన్‌వాష్ అయినవాళ్లు ఒకే ఛానల్ చూస్తారు, అది చెప్పిందే అందరికీ చెబుతారు. మూడు ఛానళ్లు పక్కపక్కన పెట్టుకుని ‘ఎవరు చెప్పారు, ఎలా తెలుసు’ అని అడిగే పిల్లని బ్రెయిన్‌వాష్ చేయడం చాలా కష్టం.

మీరు పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్తారు. ‘చైనా వాళ్లు కొనడం ఆపేశారట’ అని ఒక మాట పుడుతుంది. గంట తిరక్కుండానే తేజ రకం మిర్చి రేటు జారుతుంది. మీరు వెంటనే సరుకు వదిలేస్తారా? ఆ మాట ఎవరి నోట పుట్టిందో చూస్తారు. వాడి దగ్గర సరుకుందా, లేక తక్కువకి కొనాలని చూస్తున్నాడా అని ఆలోచిస్తారు. ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, ఎన్ని టిక్కీలు (బస్తాలు) ఉన్నాయో కనుక్కుంటారు, ఎగుమతి చేసేవాళ్లకి ఫోన్ చేస్తారు. కాయల విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే మనిషి, సాయంత్రం టీవీ ముందు కూర్చోగానే యాంకరు అరిచింది అరిచినట్టు నమ్మేస్తే ఎలాగండీ? కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయి మీ బుద్ధినే పుచ్చుకుంది.

ఆమె చదువుతానంటున్నది ఎంత పెద్ద విషయమో కొంచెం చెబుతాను. చైనా ప్రభుత్వ ఇంగ్లిష్ ఛానల్‌కి 2016 చివర్లో సీజీటీఎన్ అని కొత్త పేరు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ దాని లైసెన్సు రద్దు చేసింది. లైసెన్సు ఒక కంపెనీ పేరు మీద ఉంది గానీ ఛానల్లో ఏం రావాలన్నది ఆ కంపెనీ చేతుల్లో లేదన్నది కారణం. వారం తిరిగేసరికి చైనా తన దేశంలో బీబీసీ వరల్డ్ న్యూస్‌ని నిషేధించింది. ఇది పైకి కనపడే గొడవ. కనపడనిది ఇంకోటుంది. చైనా ప్రభుత్వ పత్రిక చైనా డైలీ డబ్బు కట్టి, ‘చైనా వాచ్’ పేరుతో అమెరికా, బ్రిటన్ పెద్ద పత్రికల్లో పేజీలు వేయించుకునేది. చూడ్డానికి అది కూడా పేపరే. మూలన చిన్న అక్షరాల్లో ఉన్న ప్రకటన అన్న మాట ఎంతమంది చదువుతారు?

మన దగ్గరా జరిగింది. 2020 అక్టోబర్‌లో తైవాన్ జాతీయ దినోత్సవానికి ముందు, ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయం మన పాత్రికేయులకి లేఖ పంపింది. తైవాన్ తమ భూభాగమేనని, దాన్ని దేశమని రాయొద్దు, అక్కడి నాయకురాలిని అధ్యక్షురాలని అనొద్దు అని. మన దేశంలో మీడియా స్వేచ్ఛగా రాస్తుందని విదేశాంగ శాఖ జవాబిచ్చింది. అదే ఏడాది జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు వాళ్లలో ఒకరు. తమవైపు నలుగురు చనిపోయారని చైనా చెప్పింది ఎప్పుడో తెలుసా? ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరిలో. ఆ ఎనిమిది నెలలూ మన టీవీల్లో, వాట్సాప్‌లో ఎన్ని అంకెలు తిరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. అవతలివాడు నోరు మూసుకుంటే ఇవతల మనమే లెక్కలు పుట్టిస్తాం. పక్షపాతం అలా కూడా వస్తుంది.

అక్కడికి వెళ్లి చూసేవాళ్లు లేకపోవడం ఇంకో పెద్ద కారణం. 2023లో వీసాల పేచీ వచ్చింది. వాళ్లు మన విలేకరుల్ని ఉండనివ్వలేదు, మనం వాళ్ల విలేకరులకి వీసా పొడిగించలేదు. చివరికి చైనాలో మన విలేకరులు దాదాపు ఎవరూ మిగల్లేదు. అంటే మనం చదివిన చైనా వార్త చాలావరకు వేరే దేశం ఏజెన్సీ రాసింది, లేదా ఢిల్లీలో కూర్చుని రాసింది.

అలాగని పాశ్చాత్య మీడియా శుద్ధపూస అని అమ్మాయి కూడా అనుకోకూడదు. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు అక్కడ భయంకరమైన ఆయుధాలున్నాయని పెద్ద పెద్ద పత్రికలే రాశాయి. ఆయుధాలు దొరకలేదు. అయితే 2004 మేలో న్యూయార్క్ టైమ్స్ తన కవరేజీలో లోపాలున్నాయని తన పేపర్లోనే ఒప్పుకుంది. అందరూ అబద్ధాలే చెబుతారు అని ఒక్క మాటతో తేల్చేసే కుర్రాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. తప్పు చేసి దిద్దుకునే పత్రికకీ, దిద్దుకునే వీలే లేని పత్రికకీ తేడా తెలియకపోతే ఈ రంగంలో పనికిరారు.

ఇక నా అసలు అనుమానం. కొన్నేళ్లుగా ‘జియోపాలిటిక్స్’ (దేశాల మధ్య ఎత్తుగడల రాజకీయం) అన్న మాట పిల్లల నోట్లో నానుతోంది. యూట్యూబ్‌లో వెనకాల ప్రపంచ పటం, ముందు మైకు, పటం మీద ఎర్ర బాణాలు. నలభై నిమిషాల్లో మూడో ప్రపంచ యుద్ధం మొదలై ముగిసిపోతుంది. ఇంగ్లిష్‌లో వచ్చిన నాలుగు వార్తలు చదివి తెలుగులోనో హిందీలోనో ఆవేశంగా చెప్పడమే అందులో ఎక్కువ. చైనా అధికార పత్రిక ఒక పేజీ చైనా భాషలో చదివి చెప్పమంటే ఎంతమంది నిలబడతారు? వాటిని చూసి పిల్లలు ఇంటర్ అవ్వగానే బీఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ కావాలంటున్నారు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు ఐక్యరాజ్యసమితి భవనం ఫొటో బ్రోచర్ మీద వేసి లక్షలు అడుగుతున్నాయి. చదివిన పిల్లలందరికీ ఆ భవనంలో కుర్చీలున్నాయా?

నేను కూడా ఒకసారి తప్పు చేశాను. ఎనిమిదేళ్ల కిందట తెలివైన కుర్రాడొకడిని అలాంటి కోర్సులో చేర్పించమని నేనే చెప్పాను. మూడేళ్లు సిద్ధాంతాలు చదివాడు, ఏ పరాయి భాషా నేర్చుకోలేదు, ఆర్థిక శాస్త్రం అంతంతమాత్రం. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఆ ఫీజు కోసం వాళ్ల నాన్న తెనాలి దగ్గర అర ఎకరం అమ్మారు. ఆ అర ఎకరం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదవాలంటే పీజీలో చదవండి, డిగ్రీలో వద్దు అంటాను.

పోల్చి చెప్పమన్నారు కదా, నా మటుకు భాషే ముందు. ఢిల్లీ జేఎన్‌యూలో చైనా భాషలో బీఏ ఆనర్స్ ఉంది, ఎంపీసీ పిల్లలు కూడా చేరొచ్చు. శాంతినికేతన్‌లోని విశ్వభారతి యూనివర్సిటీలో చైనా చదువుల విభాగం చీనా భవన్ 1937 నుంచీ ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలు కాబట్టి ఖర్చు మీ ఏసీ అద్దెల ముందు లెక్కలోది కాదు. ప్రవేశ పరీక్ష సంగతి మీ అమ్మాయికి నాకంటే బాగా తెలుసు, దాని జోలికి వెళ్లను. జర్నలిజం డిగ్రీ తర్వాత ఒక ఏడాది నేర్చుకుంటే చాలు, ఈలోగా తెలుగులో బాగా రాయడం మానకూడదు. భాష వచ్చినవాళ్లకి అనువాదం ఉంది, కంపెనీల్లో పని ఉంది, ఢిల్లీ, బెంగళూరు, చెన్నైలో చైనా మీద పరిశోధన చేసే సంస్థలున్నాయి. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ లాంటివాళ్లు వార్తల నిజానిజాలు తేల్చే పని తెలుగులోనే చేస్తున్నారు. మొదటి నాలుగైదేళ్లు జీతం మీ బంధువుల ఇంజనీరు పిల్లల కంటే తక్కువే ఉంటుంది. అది ముందే చెప్పేస్తున్నాను.

ఆమె చదువు మీ వ్యాపారానికి దూరం అనుకోకండి. 2020 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా కోవిడ్ ఎక్కడ పుట్టిందో విచారణ జరపాలంది. మేలో చైనా ఆస్ట్రేలియా బార్లీ మీద 80 శాతానికి పైగా సుంకం వేసింది. ధర తగ్గించి అమ్ముతున్నారన్నది పైకి చెప్పిన కారణం. విచారణ మాట నచ్చనందుకే అని లోకమంతా అనుకుంది. 2023 ఆగస్టులో గానీ ఎత్తేయలేదు. మూడేళ్లు అక్కడి బార్లీ రైతు వేరే సంత వెతుక్కున్నాడు. మీ తేజ కాయ ఎక్కడికి ఎక్కువగా వెళ్తుందో నేను చెప్పక్కర్లేదు. అక్కడి కస్టమ్స్ ప్రకటన వాళ్ల భాషలోనే చదవగలిగిన మనిషి గుంటూరులో ఒకరుంటే మంచిదా, కాదా?

పాస్‌పోర్టు భయం వదిలేయండి. మన విదేశాంగ శాఖ తన అధికారులకి చైనా భాష తనే నేర్పిస్తుంది. భాష నేర్చుకోవడం నేరం కాదు. జాగ్రత్త పడాల్సింది వేరేచోట. ముక్కూమొహం తెలియని ‘కన్సల్టెన్సీ’ ఆన్‌లైన్‌లో పలకరించి, చిన్న రిపోర్టు రాసిపెట్టు, డబ్బులిస్తాం అంటుంది. సింగపూర్‌కి చెందిన ఒక పరిశోధక విద్యార్థి అలాంటి దొంగ కన్సల్టెన్సీ పెట్టి, వేరేవాళ్లతో రిపోర్టులు రాయించి చైనా నిఘా వర్గాలకి పనిచేశానని 2020లో అమెరికా కోర్టులో ఒప్పుకుని జైలుకెళ్లాడు. ఉచిత ప్రయాణాలు, అడక్కుండా వచ్చే స్కాలర్‌షిప్పులు, రిపోర్టుకి డబ్బులు, ఏది వచ్చినా ముందు ఇంట్లో చెప్పాలి. కానీ ఇంట్లో చెబితే తిడతారన్న భయం ఉంటే ఏ పిల్లా చెప్పదు. అందుకే చెబుతున్నాను, టీవీ ముందు ఆమె ప్రశ్న వేసినప్పుడు రిమోట్ విసిరేయకండి.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎలాగూ ఉంటుంది, రాయనివ్వండి. ర్యాంకొస్తే మాట మారుస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. దసరా సెలవుల్లో ఇద్దరూ మా ఆఫీసుకి రండి. మొదటి అరగంట అమ్మాయితో ఒక్కదానితోనే మాట్లాడతాను. మీరు బయట కూర్చోవాలి. ఫ్యానుంది, పేపర్లున్నాయి. బావమరిదిని తీసుకురావద్దు.