పాత జీపు లోపలి పనికి దిగుతున్న మేనకోడలికి

చిరంజీవి శారదకు మామయ్య ఆశీస్సులు.

1978 నాటి సీజే-5 జీపు కొన్నావనీ, లోపలి భాగమంతా ఊడదీసి నువ్వే బాగుచేస్తానంటున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వం ఎంత ఉందో గుబులూ అంతే ఉంది.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పు. విప్పే ప్రతి వైరుకూ చీటీ కట్టి ఫోటో తీసుకో. సీటు బోల్టులు బిగిసిపోయి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచు. మ్యాట్లు ఎత్తి చూసేదాకా అడుగు రేకు బాగుందని నమ్మవద్దు. కొత్త రెక్సిన్‌ను కాసేపు ఎండలో ఉంచి తొడిగితే ముడతలు పడదు. ఇవన్నీ నీకు ఎవరైనా చెప్పగలరు.

నేను చెప్పవలసినది మీటర్ల సంగతి. నీ వయసులో నేనూ అలాంటి జీపునే బాగుచేస్తూ, డాష్‌బోర్డు రేకుకూ మీటర్ల డబ్బాకూ రెండేసి పూతలు రంగు వేసి, అద్దంలా మెరుస్తున్నాయని మురిసిపోతూ బిగించాను. తాళం తిప్పిన కాసేపటికే పెట్రోలు ముల్లూ వేడి ముల్లూ రెండూ చివరిదాకా పోయి నిలిచాయి. ట్యాంకు సగమే ఉంది, ఇంజిను చల్లగానే ఉంది. ట్యాంకులోని సెండరు, అంటే మట్టాన్ని కొలిచి మీటరుకు తెలిపే భాగం, మార్చాను, వేడిని తెలిపే ఇంజిను సెండరు మార్చాను, ముళ్లు దిగలేదు. విసుగెత్తి, ఈ మీటరు చెప్పేదంతా అబద్ధమేనని తీర్మానించుకుని దానివైపు చూడడమే మానేశాను. ఒకనాడు మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కుతుండగా, చిన్నపిల్ల కదా, "అన్నయ్యా, ఆ ముల్లు చివర ఉంది" అన్నది. అది ఎప్పుడూ అక్కడే ఉంటుందని కసిరాను. రేడియేటర్ గొట్టం చిట్లి నీళ్లన్నీ కారిపోయాయని బానెట్టు కింద నుంచి ఆవిరి లేచాక గాని తెలియలేదు. ఇంజిను పైమూత అయిన హెడ్ వంగింది, దాని కింది సీలు హెడ్ గ్యాస్కెట్ పోయింది; మీ అమ్మ భయంతో నా చొక్కా పట్టుకుని వదలలేదు.

తప్పంతా నా రంగుదే. ఆ జీపులలో సుమారు 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటరు పెట్రోలు మీటరులోనే ఉండి, వేడి మీటరుకు కూడా కరెంటు అందిస్తుంది. దానికి ఎర్త్ దొరికేది మీటర్ల డబ్బా ద్వారానే. రంగు అడ్డుపడి ఎర్త్ తెగితే రెగ్యులేటరు పనిచేయడం మాని బ్యాటరీ వోల్టేజీని అలాగే వదులుతుంది. కాబట్టి ఒక్క ముల్లే పైకి పోతే దాని సెండరునూ వైరునూ అనుమానించు. రెండూ కలిసి పోతే ముందు ఎర్త్ చూడు. డబ్బా బిగించే చోట రంగు గీకి రేకు బయటపడేలా చేసి, విడిగా ఒక ఎర్త్ వైరు కూడా వెయ్యి. బ్యాటరీ నుంచి విప్పిన నెగటివ్ తీగ కొసకూ డబ్బాకూ మధ్య మల్టీమీటరు దాదాపు సున్నా ఓములు చూపాలి.

పెట్రోలు సెండరు కొనే ముందు పాతదానిని కొలిచి చూడు: ఖాళీకి సుమారు 73 ఓములు, నిండుకు 10 ఓములు ఉంటే దానిలో దోషం లేదు. మీటరును పరీక్షించడానికి నేరుగా 12 వోల్టులు తగిలించావో, లోపలి చుట్ట కాలిపోతుంది. అంకెల పళ్లాన్ని థిన్నర్‌తో తుడవకు, అంకెలే పోతాయి. మెత్తని కుంచె చాలు. స్పీడోమీటర్ కేబులుకు గ్రీజు పలుచగా రాసి పైకొస వదిలెయ్యి, లేకుంటే అది మీటరులోకి పాకుతుంది. ఈ పనిలో నీ తొందర నాకు తెలుసు, అదే నా బెంగ.

ట్యాంకు జోలికి మాత్రం నేను వచ్చేదాకా పోవద్దు. ఖాళీ ట్యాంకే కదా అనుకోకు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా అంటుకుంటుంది.

బండి సిద్ధమయ్యాక మొదటిసారి మీ అమ్మను ముందు సీటులో కూర్చోబెట్టుకో. ముల్లు గురించి ఆమె ఏమైనా అంటే వెంటనే ఆపి చూడు.

ఇట్లు,
మీ మామయ్య