వీధిలో కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కెమెరాతో పాటే వచ్చే 18-55 ఎం.ఎం. జూమ్ లెన్స్‌తో (కిట్ లెన్స్) చౌరస్తాలో జనాన్ని తీస్తున్నాను. మనిషి మసగ్గా, వెనకున్న షాపు బోర్డు మాత్రం స్పష్టంగా వస్తోంది. మంచి లెన్స్ కొనక తప్పదా?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: కొనొద్దు. లెన్స్ తప్పేమీ లేదు, తికమక పడుతున్నది ఆటోఫోకస్. మనిషి కదులుతుంటాడు, బోర్డు కదలదు. పైగా దాని మీద నలుపు తెలుపు అక్షరాలు కొట్టొచ్చినట్టు ఉంటాయి కాబట్టి కెమెరా దాన్నే పట్టుకుంటుంది. వీధి ఫోటోలు తీసేవాళ్లలో చాలామంది ఫోకస్‌ని ముందే ఒక దూరానికి కట్టేసి, తీసేటప్పుడు దాని జోలికి పోరు.

జూమ్‌ని 18 దగ్గర పెట్టండి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8. రెండు మీటర్ల దూరంలో ఉన్న స్తంభం మీద, అంటే ఇంచుమించు మూడు అంగల దూరంలో, ఆటోఫోకస్ చేసి వెంటనే మాన్యువల్‌కి మార్చేయండి. కిట్ లెన్స్‌తో వచ్చే మామూలు ఏపీఎస్-సి (చిన్న సెన్సరు) కెమెరాల్లో ఇలా పెడితే మీటరు నుంచి అనంతం దాకా అంతా సరిపడా స్పష్టంగా వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరా, 28 ఎం.ఎం. లెన్స్ అయితే ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర పెట్టాలి. అప్పుడు 1.4 నుంచి సుమారు 10 మీటర్ల దాకా అందుతుంది.

షట్టర్ 1/500 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటో, దాని గరిష్ఠ హద్దు 3200. మంచి ఎండలో ఐఎస్ఓ 100-200 మధ్య ఆడుతుంది, నీడలోకి అడుగు పెడితే 800 దాటొచ్చు. ఐఎస్ఓ పెరిగి ఫోటోలో చుక్కచుక్కలుగా రేణువులు కనబడ్డాయని భయపడి షట్టర్ తగ్గించకండి. రేణువులున్న ఫోటో అచ్చులో బాగానే ఉంటుంది, నడిచే మనిషి చెదిరిపోతే ఎవరూ బాగుచేయలేరు.

ఇందులో దెబ్బతినేది రెండు చోట్ల. జూమ్ రింగు చేతికి తగిలి తిరిగితే కిట్ లెన్సుల్లో ఫోకస్ కూడా పక్కకు జరిగిపోతుంది. రింగు మీద ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపు ఒక చుట్టు వేయండి. రెండోది, కొన్ని కొత్త లెన్సుల్లో కెమెరా ఆగి మళ్లీ లేస్తే పెట్టిన ఫోకస్ పోతుంది. లేచినప్పుడల్లా సరిచూసుకోవాలి.

18 ఎం.ఎం.తో మనిషి నాలుగు మీటర్లు దాటాడంటే ఫ్రేము ఎత్తులో సగం కూడా ఉండడు. అప్పుడు జూమ్ చేయాలనిపిస్తుంది. చేయకుండా మీరు నిలబడే చోటు మార్చండి. ముందుగా, జనం వెనకాల కనబడే గోడనో, వాలుగా ఎండ పడే మెట్లనో ఎంచుకుని అక్కడే ఇరవై నిమిషాలు నిలబడితే, మొదట్లో మిమ్మల్ని వింతగా చూసినవాళ్లు కాసేపటికి పట్టించుకోవడం మానేస్తారు. ఊరంతా తిరిగి తీసినవాటికన్నా ఇలా ఒకచోట కాపుకాసి తీసినవే ఎక్కువ నిలుస్తాయి.

ప్రశ్న: రాత్రిపూట లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు తీస్తే ఫోటోలో అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి. కెమెరా పాడైందా?
– బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవకరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికది తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫ్రేముని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి వెలుగు తగ్గిన క్షణం చారై కూర్చుంటుంది. మెకానికల్ షట్టర్‌కి మారి, వేగం 1/100 పెట్టండి. కెమెరాలో ఈ మినుకును తప్పించే యాంటీ-ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. కొన్ని ఎల్‌ఈడీలు వేరే వేగంతో మినుకుతాయి, వాటికి 1/50 ప్రయత్నించాలి. 1/100లో అడ్డంగా నడిచేవాళ్లు చెదురుతారు. బేరమాడుతూ ఆగినవాళ్లని, గాజులు తొడిగించుకుంటున్న చేతులని తీయండి. ఆ బజార్లో అసలు చూడాల్సింది కూడా అదే.

ప్రశ్న: నా దగ్గర ఫోనే ఉంది. బీసెంట్ రోడ్డులో మధ్యాహ్నం తీస్తే ముఖాలు నల్లగా, ఆకాశం తెల్లగా వస్తోంది.
– ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: నడినెత్తిన ఎండలో కళ్ల కింద నీడ పడడం ఖాయం. దుకాణం ముందు కట్టిన పరదా కిందికి వచ్చిన మనిషిని చూడండి. ఎండ పడ్డ రోడ్డు మీంచి వెలుగు ఎగిరి ముఖానికి మెత్తగా తగులుతుంది. ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. ఫోను తెర మీద ఎండ పడ్డ చోట వేలితో నొక్కిపట్టి లాక్ చేసి, పక్కన కనబడే వెలుగు గీతను కొద్దిగా కిందికి లాగితే ఎండ పడ్డ భాగాలు మరీ తెల్లగా రావు. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/250కి తగ్గకుండా చూసుకోండి. నైట్ మోడ్ కదిలే జనానికి పనికిరాదు. సెకన్ల తరబడి తీసిన చాలా ఫ్రేములు కలుపుతుంది, మనుషులు దయ్యాల్లా వస్తారు.

ప్రశ్న: పూర్ణా మార్కెట్‌లో తీసిన రెండు వేల ఫోటోలున్నాయి. వీటిని ప్రదర్శనకు పనికొచ్చే వరసగా ఎలా చేయాలి? పేరు ‘నగర జీవితం’ అనుకున్నాను.
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ పేరు కింద ఏ ఫోటో అయినా ఇముడుతుంది, చిక్కంతా అక్కడే. ‘దుకాణం తెరవకముందు’ అనో, ‘బరువుల మోత’ అనో హద్దు గీసుకుంటే సగం ఫోటోలు వాటంతటవే పోతాయి. ముడతల ముఖాలు, దూరం నుంచి టెలి లెన్స్‌తో (దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్) లాగిన బిచ్చగాళ్లు లోకంలో ఇప్పటికే బోలెడు. మొదట అవి తీసేయండి.

తెర మీద వేగంగా చూసి 150 ఏరండి. వాటిలోంచి 60 మాత్రం 4×6 అంగుళాల మ్యాట్ ప్రింట్లు వేయించి నేల మీద పరవండి. తెర మీద ఒక్కోటీ చూస్తే అన్నీ బాగుంటాయి. పక్కపక్కన పెడితే ఒకే మాట చెప్పేవి దొరికిపోతాయి. అలాంటి జతలో బలహీనమైనది తీసేస్తూ పోతే 15-20 మిగులుతాయి. వాటిని నెల రోజులు గోడకి అంటించి ఉంచితే, కష్టపడి తీశాం కదా అని ఉంచుకున్నవి బయటపడతాయి.

వరసలో జనంతో నిండిన ఫ్రేము పక్కన ఖాళీ ఫ్రేము ఉండాలి, లేకపోతే కన్ను అలసిపోతుంది. కిక్కిరిసిన వీధిని ఒకే ఫ్రేములో ఎలా సర్దాలో భారతీయ ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ (1942-1999) ఫోటోలు చూసి నేర్చుకోవచ్చు. 1991లో హౌరాలో పేవ్‌మెంట్ మీది అద్దాల దుకాణాన్ని తీసిన ఫోటోలో ఆ అద్దాలే ఫ్రేముని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో వీధిని చూపిస్తాయి. స్తంభాలు, కారు తలుపులు కూడా ఆయనకు ఇలాగే పనికొచ్చాయి. ఆయన తీసింది రంగుల్లోనే. కూరగాయల మార్కెట్‌ని నలుపు తెలుపు చేసేముందు మీరూ కాస్త ఆలోచించండి.

ప్రశ్న: పూలమ్మే ఆవిడ తన ఫోటోని కెమెరాలోంచి తీసేయమంది. తీసేయాలా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసేయండి, ఆవిడ ముందే. వాదన వద్దు. ఆవిడ రేపూ అక్కడే ఉంటుంది, మీరూ వెళ్లాలి కదా.

ప్రశ్న: ల్యాబులో వేయించిన 12×18 అంగుళాల ప్రింట్లు వెలిసిపోయినట్టున్నాయి.
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఫైలు అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉండి ఉంటుంది. ల్యాబులు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ పద్ధతి జేపెగ్‌గా మార్చి ఇవ్వండి. ఆ సైజుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600×5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాకి అది చాలు. ఆర్డరు మీద ‘నో కరెక్షన్’ అని రాయించండి. లేకపోతే మీరు కావాలని ఉంచిన నీడల్ని మెషీన్ వెలుగుగా మార్చేస్తుంది. ముందుగా ఒక్క 4×6 వేయించి, పగటి వెలుగులో చూసుకున్నాకే మిగతావి ఇవ్వండి.