గ్రాఫిక్స్ గొప్పా, గీత గొప్పా?

ప్రశ్న: నేనూ మా రూమ్మేటూ చందాలేసుకుని ఒక సెకండ్ హ్యాండ్ పీసీ కొనుక్కున్నాం. వాడికి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివే గేమ్‌లు, మిగతావన్నీ పిల్లల బొమ్మలు. నేను హాలో నైట్ ఆడుతుంటే వెనకాల నిలబడి "పురుగుల కార్టూన్ పెట్టావా మళ్ళీ" అంటాడు. అచ్చం నిజంలా కనిపిస్తేనే మంచి గ్రాఫిక్సా? నాకు నచ్చేవన్నీ పాత సరుకేనా? రోజూ ఇదే గొడవ, మీరే తేల్చండి. – ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తేలుస్తాను గానీ తమ్ముడూ, ముందు మీ రూమ్మేట్ ఆటకి దక్కాల్సిన మర్యాద దక్కనివ్వు. 2018లో వచ్చిన ఆ గేమ్‌లో మంచులో నడిస్తే వెనకాల గాడి పడుతుంది, బురదలో పడితే బట్టలకి బురద అంటుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ హీరోకి గడ్డం పెరుగుతుంది. మెల్లగా గుర్రం మీద పోతూ అమెరికా కౌబాయ్‌ల కాలం ముగిసిపోవడాన్ని చూడటమే ఆ ఆట, కాబట్టి అంత వివరం దానికి కావాలి. అందులో తప్పేం లేదు.

గొడవ ఎక్కడొస్తోందంటే, మెషీన్ ఎంత గీయగలదు అన్నదాన్నీ, ఆర్టిస్టు ఏం గీయాలనుకున్నాడు అన్నదాన్నీ మీరిద్దరూ ఒకే గాటన కట్టేస్తున్నారు. మొదటిది ఏటికేడూ పెరుగుతుంది, డబ్బు పెడితే దొరుకుతుంది. రెండోది అలా దొరకదు.

దీనికి నింటెండో కంపెనీ జెల్డా గేమ్‌ల ఫ్యాన్స్ కథ చెప్పుకోవాలి. 2000లో జపాన్‌లో జరిగిన తన స్పేస్ వరల్డ్ షోలో నింటెండో కొత్త గేమ్‌క్యూబ్ మెషీన్ సత్తా చూపించడానికి చిన్న క్లిప్ వేసింది. అందులో హీరో లింక్, విలన్ గానన్‌డార్ఫ్ కత్తులు దూసుకుని పోట్లాడుకుంటారు, ఆ రోజుల లెక్కకి అచ్చం సినిమాలా. అందరూ రాబోయే జెల్డా ఇదే అని ఫిక్సయిపోయారు. మరుసటేడు అదే షోలో అసలు గేమ్ చూపిస్తే ఏముంది, గుమ్మడికాయంత తల, సాసర్లంత కళ్ళు ఉన్న బుడ్డోడు! ఫ్యాన్స్ భగ్గుమన్నారు, కార్టూన్ పద్ధతిని గుర్తుచేసే 'సెల్' అన్న మాటని జెల్డాకి అతికించి ఎగతాళిగా 'సెల్డా' అని పేరు పెట్టారు. అదే విండ్ వేకర్, 2002 చివర్లో జపాన్‌లో, తర్వాతి ఏడాది మిగతా దేశాల్లో విడుదలైంది. ఫ్యాన్స్ అడిగిన 'సీరియస్' జెల్డా, అంటే ట్వైలైట్ ప్రిన్సెస్, 2006లో వచ్చింది.

ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ట్వైలైట్ ప్రిన్సెస్ మంచి ఆటే, కాదనను, కానీ ఆ గోధుమరంగు నేల, మసక మసక గోడలు చూడగానే అది ఏ కాలం నాటిదో చెప్పేయొచ్చు. విండ్ వేకర్ సముద్రం మాత్రం ఇప్పటికీ నీలంగా, తెల్లటి గీతల అలలతో, నిన్న గీసినట్టే ఉంటుంది. అందం ఒక్కటే అయితే ఇంత చెప్పను. ఆ బుడ్డోడి మొహం దగ్గరగా చూడు, కనుబొమ్మలూ కళ్ళూ జుట్టు అడ్డం వచ్చినా దాని మీద నుంచే కనిపిస్తాయి. నిజ జీవితంలో జరిగే పని కాదది. అంత పెద్ద కళ్ళు ఎందుకంటే, గదిలో పనికొచ్చే వస్తువేదైనా ఉంటే లింక్ చూపు దానివైపు తిరుగుతుంది, ఆడేవాడికి అదే హింట్. స్క్రీన్ మీద బాణం గుర్తులు పెట్టకుండా మొహంతోనే దారి చూపించారు.

నిజంలా ఉండాలని చూసే బొమ్మకి ఒక చిక్కుంది. దాన్ని మనం నిజంతోనే పోలుస్తాం, ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఓడిపోతుంది. ముఖ్యంగా మనిషి మొహం. మనిషికి బాగా దగ్గరగా వచ్చి కొంచెం తేడా కొట్టే బొమ్మని చూస్తే మనకి ఒళ్ళు గగుర్పొడుస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. 2011లో ఎల్.ఏ. న్వార్ గేమ్ కోసం నటుల్ని కుర్చీలో కూర్చోబెట్టి 32 కెమెరాలతో మొహాలు రికార్డ్ చేశారు. మొహం నిజంగానే అద్భుతం, అబద్ధం చెప్పేవాడి పెదవి వణకడం కూడా పట్టుకోవచ్చు. మెడ కింద నుంచి మాత్రం మామూలు గేమ్ బొమ్మే, అందుకే ఆ తల వేరేవాళ్ళది తెచ్చి అతికించినట్టు అనిపిస్తుంది నాకు.

మీ వాడు తుపాకులు పేల్చే షూటర్ గేమ్‌లు కూడా ఆడేవాడైతే టీమ్ ఫోర్‌ట్రెస్ 2 చూపించు. 1999లో వాల్వ్ కంపెనీ దాన్ని మొదటిసారి చూపించినప్పుడు మామూలు మిలిటరీ గేమ్‌లా, యూనిఫాంలతో నిజంలా ఉండేది. 2007లో బయటికొచ్చేసరికి ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ అమెరికన్ పత్రికల బొమ్మల దారికి, అంటే లెయెన్‌డెకర్ లాంటి చిత్రకారుల పద్ధతికి, మారిపోయింది. అందులో తొమ్మిది రకాల సైనికులు, నీడ మాత్రమే కనిపించినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. కాళ్ళ దగ్గర ముదురు రంగు వేసి ఛాతీ దగ్గరికొచ్చేసరికి లేతగా చేశారు, ఎందుకంటే చేతిలో ఏ ఆయుధం ఉందో చూడాల్సింది అక్కడే, కన్ను దానంతటదే అటు పోతుంది. ఎదుటివాడు ఎవడో అరక్షణంలో తెలియాల్సిన ఆటలో చొక్కా మీద ప్రతి కుట్టూ కనబడితే ఏం లాభం?

అలాగని కార్టూన్‌లా ఉన్నదల్లా గొప్ప అనుకోకు. 'పిక్సెల్ ఆర్ట్' అని పేరు పెట్టి ఒకదాన్ని చూసి ఒకటి వాతలు పెట్టుకున్న గేమ్‌లు కోకొల్లలు. హాలో నైట్ అలాంటిది కాదు. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కి చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేతితో గీసిన బొమ్మలవి. తెల్లటి మొహం, రెండు నల్లటి కళ్ళు, అంతే, ఎంత గందరగోళంలోనైనా నీ పురుగు ఎక్కడుందో నీకు తెలుస్తుంది. కాబట్టి తీర్పు నీకే అనుకూలం, కానీ వాడి గుర్రం జోలికి వెళ్ళకు.

ప్రశ్న: మా బాబుకి పదేళ్ళు. మనుషుల్ని నిజంగా కాల్చినట్టుండే గేమ్‌లు కొనివ్వం, బొమ్మల్లా ఉన్నవైతే సరే అన్నాం. ఇది సరైన పద్ధతేనా అండీ? – గృహిణి, కరీంనగర్

జవాబు: కాదండీ. బోర్డర్‌ల్యాండ్స్ చూడండి, మొదట మామూలుగా నిజంలా తయారవుతున్న ఆటని మధ్యలో మార్చేసి, నల్లటి ఇంకు గీతలతో కామిక్ పుస్తకంలా చేసి 2009లో విడుదల చేశారు. చూడటానికి బొమ్మల పుస్తకమే, కానీ రక్తపాతం, బూతులు నిండా ఉంటాయి, అమెరికాలో దాని రేటింగ్ 17 ఏళ్ళు, ఆపైవాళ్ళకి. 2010 నాటి లింబోలో అన్నీ నల్లటి నీడలే, ఆ నీడ పిల్లాడు సాలీడు కాలికి గుచ్చుకుని చచ్చిపోతుంటే పెద్దవాళ్ళకే గుండె ఝల్లుమంటుంది. మరోపక్క మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉంది, ఉపగ్రహ చిత్రాలు వాడి ప్రపంచం మొత్తాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, దాన్ని ఏ వయసు వాళ్ళైనా ఆడుకోవచ్చు. బొమ్మ తీరు చూసి కాకుండా డబ్బా మీద గానీ స్టోర్ పేజీలో గానీ ఉండే వయసు రేటింగ్ చూసి కొనండి, కుదిరితే మొదటి గంట పక్కన కూర్చోండి.

ప్రశ్న: జీతం పెరిగింది, రే ట్రేసింగ్ (వెలుగు నిజంలో ఎలా పడుతుందో లెక్కగట్టి చూపించే పద్ధతి) ఉన్న కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొందామని చూస్తుంటే ధరలకి కళ్ళు తిరుగుతున్నాయి. పైగా పెద్ద గేమ్ ఒక్కొక్కటీ దాదాపు ఐదు వేలు. ఇంతా పెడితే గేమ్‌లన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తోంది. నా కళ్ళదా లోపం? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ధర సంగతి ముందు. 2023లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద నడిచిన కేసులో సోనీ ఇచ్చిన కాగితాల్లో అంకెల మీద నల్ల మార్కర్ పూశారు, స్కాన్ చేసేసరికి కింద ఉన్నది కనబడిపోయింది. అలా తెలిసిందేమిటంటే, సోనీ తెచ్చిన గేమ్‌లలో ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి దాదాపు 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21 కోట్ల పైచిలుకు ఖర్చయింది. వందలమంది ఏళ్ళ తరబడి ఆకులూ రాళ్ళూ చర్మపు ముడతలూ చేస్తూ కూర్చుంటే అంత కాక ఇంకెంతవుతుంది! అంత డబ్బు పెట్టినవాడు కొత్త ప్రయోగం చేయడానికి భయపడతాడు, అందుకే ఆటల తీరు కూడా ఒకేలా తయారవుతోంది.

ఇక బొమ్మలు ఒకేలా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. నిజం రాయిని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి త్రీడీ బొమ్మగా మార్చే పద్ధతి బాగా పాకింది. అలాంటి స్కాన్లు వేలకొద్దీ దాచిన మెగాస్కాన్స్ అనే భండారాన్ని ఎపిక్ కంపెనీ 2019లో కొనేసి, గేమ్‌లు తయారుచేసే తన అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి చాలాకాలం ఉచితంగా ఇచ్చింది. చిన్న స్టూడియోలకి అది వరమే. కానీ అందరూ ఒకే కొట్లో సరుకులు తెచ్చుకుంటే వంట ఒకే రుచి రాక ఏమవుతుంది? పైగా నిజం రాయి ఎక్కడైనా రాయిలాగే ఉంటుంది మరి.

కార్డ్ విషయానికొస్తే, మీరు వచ్చే ఏడాదిలో ఆడాలనుకున్న గేమ్‌ల జాబితా రాసుకోండి. సైబర్‌పంక్ 2077 రాత్రివేళ వీధుల్లో తడి రోడ్డు మీద నియాన్ వెలుగులు చూడాలని ప్రాణం లాగేస్తుంటే కొనండి, అది నిజంగా చూడదగ్గదే. హేడీస్, కప్‌హెడ్ లాంటి గీత బొమ్మల గేమ్‌లే ఎక్కువుంటే మీ పాత ల్యాప్‌టాప్ చాలు. కప్‌హెడ్ బొమ్మలు 1930ల నాటి కార్టూన్ల పద్ధతిలో కాగితం మీద పెన్సిల్‌తో గీసి, ఇంకు వేసి, నేపథ్యాలకి వాటర్ కలర్ పూసినవి, వాటికి ఖరీదైన కార్డ్‌తో పనేముంది? ఇంకో మాట, రే ట్రేసింగ్ నిజంలా ఉండే గేమ్‌ల సొత్తేమీ కాదు. డబ్బాల ప్రపంచం మైన్‌క్రాఫ్ట్‌కి 2020లో పెట్టారు, గాజు పలకల్లోంచి రంగుల వెలుగు నేల మీద పడుతుంటే డబ్బాలకే కొత్త కళ వచ్చింది.

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. గేమ్ ఆర్టిస్ట్ అవ్వాలని ఉంది. మనుషుల్ని అచ్చుగుద్దినట్టు చేయడం నేర్చుకోవాలా, మన కలంకారీ లాంటి శైలిలో పోర్ట్‌ఫోలియో చేసుకోవాలా? సీనియర్లు ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పి టెన్షన్ పెడుతున్నారు. – విద్యార్థిని, తిరుపతి

జవాబు: పొట్టకూటి సంగతి దాచకుండా చెబుతాను. మన దేశంలో గేమ్ ఆర్ట్ ఉద్యోగాల్లో చాలావరకు బయటి స్టూడియోలకి చేసిపెట్టే పనే. వాళ్ళు కారు అడిగితే కారు, గోడ అడిగితే గోడ, ఇచ్చిన ఫోటోకి అచ్చం సరిపోవాలి. కాబట్టి శరీర నిర్మాణం, వెలుగునీడలు, మెటీరియల్స్ గట్టిగా నేర్చుకోండి. శైలి ఉన్న బొమ్మకి కూడా పునాది అదే, ఎముక ఎక్కడుందో తెలిసినవాళ్ళే దాన్ని ఎంత సాగదీయొచ్చో చెప్పగలరు.

కలంకారీ ఆలోచన వదలొద్దు, కానీ మామూలు త్రీడీ బొమ్మకి కలంకారీ చీర టెక్స్చర్ అతికించి శైలి అంటే ఒప్పుకోను. మీకు కూతవేటు దూరంలోనే శ్రీకాళహస్తి ఉంది, వెళ్ళి ఆ కలం పట్టుకుని చూడండి. వెదురు పుల్లకి చుట్టిన గుడ్డలో, ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగు పీల్చుకుని ఉంటుంది, వేలితో నొక్కినకొద్దీ దిగుతుంది, గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా వస్తుంది. కంప్యూటర్ మామూలుగా వేసే బార్డర్ గీతకి ఆ ఊపిరి ఉండదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. 2014లో వచ్చిన గిల్టీ గేర్ ఎక్స్ఆర్డ్ అనే జపాన్ ఫైటింగ్ గేమ్‌లో దీన్ని ఎలా దాటారో చదవండి. త్రీడీ మోడల్‌లో ఒక్కో చోట గీత ఎంత లావుండాలో ఆర్టిస్టులే నిర్ణయించారు, నీడ ఎక్కడ విరగాలో కూడా చేత్తో సర్దారు, కదలికల్లో నునుపు కావాలనే తీసేసి చేతి కార్టూన్‌లా చేశారు. చూసినవాళ్ళు అది త్రీడీ అంటే నమ్మలేదు. మన దగ్గర పుణె స్టూడియో నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన 'రాజీ' అనే గేమ్ కూడా చూడండి, హిమాలయ ప్రాంతపు పహాడీ చిత్రాల ఛాయలు, కథ చెప్పే చోట తోలుబొమ్మల నీడలు ఉంటాయి.

పోర్ట్‌ఫోలియోలో నాలుగు బొమ్మలు ఉద్యోగం కోసం అచ్చుగుద్దినట్టు చేయండి. ఒక్కటి మాత్రం ఆ కలం గీతతో, కదిలేలా, ఎంతకాలం పట్టినా సరే మీకోసం చేయండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే.

ప్రశ్న: ఫోన్‌లో బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు రూపం) ఆడతాను. గ్రాఫిక్స్ పూర్తిగా పెంచితే ఫోన్ పెనంలా కాలిపోతోంది. తగ్గిస్తే ఫ్రెండ్స్ నవ్వుతారు. – ఇంటర్ విద్యార్థి, నంద్యాల

జవాబు: నవ్వనీ. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ 'స్మూత్' పెట్టి, ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు మారతాయన్నది) మాత్రం ఫోన్ ఇచ్చినంత పైకి పెట్టు. టోర్నమెంట్లు ఆడేవాళ్ళు చేసేది అదే. గడ్డి, నీడలు తగ్గితే అందులో పడుకున్నవాడు ముందు నీకే కనబడతాడు. ఆ తర్వాత ఎవరు నవ్వుతారో చూద్దాం.