వారం వారం ప్రశ్నలు రాసుకుంటున్నా ఉద్యోగంలో కదలిక లేదు, ఏం చేయాలి?

రుషికొండ ఐటీ కంపెనీలో చేస్తూ, ‘నా లక్ష్యం ఏమిటి?’ లాంటి పది ప్రశ్నలు ప్రతి ఆదివారం రాసుకుంటున్నానన్నారు. పది ఎక్కువ. మూడు చాలు: ఈ వారం ఏ పనిలో టైమ్ తెలియలేదు? ఏది వాయిదా వేశాను? నన్ను ఎవరు ఏ సాయం అడిగారు? మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు గానీ, మన పనితనం పక్కవాళ్లకే ముందు తెలుస్తుంది.

జవాబులో రోజు, పని, ఫలితం ఉండాలి. ‘కమ్యూనికేషన్ మెరుగవ్వాలి’ అని రాస్తే దాంతో చేసేదేమీ ఉండదు. ‘మంగళవారం క్లయింట్ కాల్‌లో డెలివరీ తేదీ అడిగితే తడబడ్డాను’ అంటే, వచ్చే కాల్‌కి తేదీలు ముందే రాసి పెట్టుకోవచ్చు. ‘ఎందుకిలా చేశాను?’ అన్నది తరచూ సాకుల్లోకో, తిట్టుకోవడంలోకో దిగుతుంది. ‘ఈసారి ఏం మారుస్తాను?’ అని అడగండి. విద్యారంగ నిపుణుడు గ్రాహమ్ గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు దశల ఆత్మపరిశీలన పద్ధతిలో చివరిది కార్యాచరణ ప్రణాళికే. జనం ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే.

20 నిమిషాలు మించొద్దు. స్టీల్‌ప్లాంట్‌లోలా షిఫ్టులుంటే వీక్లీ ఆఫ్ రోజు రాయండి, నైట్ షిఫ్ట్ దిగి మాత్రం వద్దు. ఆ అలసటలో ఏ ఉద్యోగమైనా చెత్తగానే కనిపిస్తుంది. రాజీనామా, కోర్సు ఫీజు లాంటివి నాలుగు వారాల జవాబులు ఒకేసారి చదివాకే.