ఎర్ర రంగు లేకపోయినా జరిమానా ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగం మీద శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి కారు కొన్నాడు. ఫుట్‌పాత్ గట్టుకు ‘ఇక్కడ ఆపకూడదు’ అని తెలిపే ఎర్ర రంగు లేని చోటే ఆపినా రెండుసార్లు జరిమానా పడింది. ఎందుకని? ఇండియా లైసెన్స్ అక్కడ చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రంగు లేనంత మాత్రాన ఆపొచ్చని కాదండీ. జీబ్రా క్రాసింగ్‌కు వాహనాలు వచ్చే వైపు 20 అడుగుల లోపు ఆపితే కాలిఫోర్నియాలో 2025 నుంచి జరిమానా వేస్తున్నారు. చారలు గీయని కూడలికీ ఇదే లెక్క. ఫైర్ హైడ్రెంట్‌కైతే (మంటలార్పడానికి నీళ్లు పట్టే వీధి గొట్టం) 15 అడుగులు వదలాలి.

ఇక ఆ ఊరి అసలు తిరకాసు వాలు. వందకు 3 అడుగులు మించి వాలితే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే చాలదు, ముందు చక్రాలు కూడా తిప్పి ఉంచాలి. కుడి అంచున ఆపినప్పుడు, కారు పల్లం వైపు చూస్తుంటే కుడికి. ఎగువకు చూస్తుంటే ఎడమకు తిప్పి, టైరు ఫుట్‌పాత్ గట్టుకు ఆనేదాకా మెల్లగా వెనక్కి వదలాలి. బ్రేకు పట్టు తప్పినా గట్టు ఆపుతుంది. అంత కొద్ది వాలు కంటికి ఆనదు, ప్రతిచోటా తిప్పేయడమే నయం.

వీధి ఊడ్చే వేళ కూడా కారు అక్కడ ఉంచకూడదు; ఆ రోజు, వేళ బోర్డు మీదే ఉంటాయి.

చుట్టపుచూపుగా వెళ్లినవారికి ఇండియా లైసెన్స్ సరిపోతుంది. మీ అబ్బాయిలా స్థిరపడినవారు మాత్రం 10 రోజుల్లో కాలిఫోర్నియా లైసెన్స్ తీసుకోవాలి. ఇంటర్నేషనల్ పర్మిట్ దానికి బదులు కాదు.