ఇంటికి కంప్యూటర్ కొనేముందు కంపెనీని అడిగి తెలుసుకోవలసినవి

మీ అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరబోతోందని, ఇంటిల్లిపాదికీ పనికివచ్చే కంప్యూటర్ ఒకటి కొనాలనుకుంటున్నారని, దుకాణదారు ఏడాది వారంటీకి ఒక ధర చెప్పి, మరో ఆరు వేలు కలిపితే మూడేళ్ల వారంటీ ఇస్తానంటున్నాడని, అసలు తయారీ కంపెనీ ఎంతవరకు బాధ్యత వహించాలో తెలియడం లేదని రాశారు. రెండేళ్ల క్రితం నేనూ సరిగ్గా ఈ స్థితిలోనే ఉన్నాను. వారంటీ ఎన్నేళ్లు అని అడిగాను గాని, ఆ మరమ్మతు ఎక్కడ చేస్తారు, ఎవరు చేస్తారు, దేనికి చేస్తారు అని అడగలేదు. అందువల్ల పడిన ఇబ్బంది మీకు రాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది జగిత్యాల. సికింద్రాబాద్ వెళ్లి, తెర, కంప్యూటర్ ఒక్కటిగా కలిసి ఉండే ఆల్ ఇన్ వన్ రకం కొన్నాము. ఎనిమిదో నెలలో అది పని మధ్యలో దానంతట అదే ఆగిపోయి మళ్లీ ఆన్ కావడం మొదలుపెట్టింది. కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఇది సాఫ్ట్‌వేర్ సమస్యలా ఉందని, వారంటీ హార్డ్‌వేర్‌కు మాత్రమేనని, సాఫ్ట్‌వేర్ చూడాలంటే విడిగా రుసుము చెల్లించాలని చెప్పారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను, అంటే విండోస్‌ను, కంపెనీయే వేసి అమ్మిందన్న నా మాటను వారు లెక్కలోకి తీసుకోలేదు. చివరకు మా అబ్బాయి, కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఒక కీ నొక్కితే తెరుచుకునే హార్డ్‌వేర్ పరీక్షను నడిపాడు. అందులో మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ అమరే లోపలి ప్రధాన బోర్డు, లోపమని ఒక కోడ్ వచ్చింది. ఆ తెరను ఫొటో తీసి పంపిన రోజే ఫిర్యాదు నమోదయింది. పేరున్న కంపెనీల యంత్రాలు దాదాపు అన్నిటిలోనూ ఈ పరీక్ష ఉంటుంది. డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్2 కీతో దాన్ని తెరవవచ్చు. ఫోన్‌లో గంటసేపు వాదించడం కంటే ఆ కోడ్ ఒక్కటి ఎక్కువ పని చేస్తుంది.

తరువాత ఇంకొక సంగతి తెలిసింది. మా బిల్లు మీద ఆన్‌సైట్ వారంటీ, అంటే మనిషి ఇంటికే వచ్చి మరమ్మతు చేసే వారంటీ, అని ఉన్నా, మా పిన్‌కోడ్ ఆ సేవ అందే పరిధిలో లేదట. యంత్రాన్ని కరీంనగర్ సర్వీస్ సెంటర్‌కు తీసుకురమ్మన్నారు. అదృష్టవశాత్తు అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ దాచి ఉంచాము కాబట్టి బస్సులో జాగ్రత్తగా తీసుకువెళ్లగలిగాను. మదర్‌బోర్డు మార్చి పదకొండో రోజున ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

అసలు కష్టం ఇంటికి తెచ్చి ఆన్ చేసినప్పుడు ఎదురైంది. నీలిరంగు తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. విండోస్ 11 ఉన్న కొత్త యంత్రాలలో చాలావాటిలో డిస్క్ మీది సమాచారం, మనం ప్రత్యేకంగా అడగకపోయినా, రహస్య సంకేతాలుగా మారి నిల్వ అవుతుంది. ఈ ఏర్పాటు పేరే బిట్‌లాకర్. దాని తాళంచెవి మదర్‌బోర్డుకు సంబంధించిన టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే ఆ ముడి తెగిపోతుంది. అప్పుడు మిగిలే దారి ఆ 48 అంకెలు మాత్రమే, అవి మొదటిసారి విండోస్ సిద్ధం చేసినప్పుడు ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యామో ఆ ఖాతాలో ఉంటాయి. మా యంత్రాన్ని సిద్ధం చేసిన దుకాణం కుర్రవాడు, త్వరగా పని కావాలని దుకాణం ఖాతాతోనే తెరిచాడు. నాలుగు రోజులు ఫోన్లు చేసిన తరువాత ఆ ఖాతా దొరికింది. అతను ఫోన్‌లో ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరుసలు చదువుతుంటే మా అమ్మాయి కాగితం మీద రాసుకుంది. అది దొరకకపోయి ఉంటే మా అబ్బాయి ప్రాజెక్టు పని, మా నాన్నగారి చివరి ఫొటోలు శాశ్వతంగా పోయేవి. బోర్డు విప్పే ముందు సర్వీస్ సెంటర్ వారు “మీ దగ్గర రికవరీ కీ ఉందా?” అని ఒక్క మాట అడిగి ఉండవలసింది. తయారీ కంపెనీ అందించే సేవలో ఆ ప్రశ్న తప్పనిసరి భాగం కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరు మాత్రం మొదటిసారి ఆన్ చేసే పని దుకాణానికి వదలకుండా, ఇంట్లో మీ అమ్మాయి ఖాతాతోనే చేయించి, ఆ కీని కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి.

ఇక కంపెనీ బాధ్యత ఎంతవరకు ఉండాలన్నది. తయారీ లోపం వల్ల చెడిపోయిన భాగం, దాన్ని మార్చే కూలి, ఆన్‌సైట్ అని రాసి ఉంటే మనిషి వచ్చే ఖర్చు వారివే. నా దృష్టిలో అంతటితో వారి పని పూర్తి కాదు. కొన్నప్పుడు యంత్రం ఏ స్థితిలో ఉందో, అంటే వారు వేసి అమ్మిన విండోస్, డ్రైవర్లతో (భాగాలను విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లతో) సహా, ఆ స్థితికి తిరిగి తెచ్చి ఇవ్వడం కూడా వారి బాధ్యతే కావాలి. మన ఫైళ్లు మాత్రం ఏ వారంటీలోనూ ఉండవు. పైగా వారంటీ కింద డిస్క్ మారిస్తే పాత డిస్క్‌ను సాధారణంగా కంపెనీ తీసుకువెళుతుంది. కాబట్టి వేరుగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద కాపీ ఉంచుకోవడం మన పనే.

షరతుల్లో మినహాయింపుల భాగాన్ని తప్పక చదవండి. నీళ్లు, టీ పడటం, కింద పడటం, పిడుగు, కరెంటు హెచ్చుతగ్గులు, పురుగులు చేరడం వంటివి చాలా కంపెనీలు వర్తించవని రాస్తాయి. మన ఊళ్లలో కరెంటు సంగతి మీకు తెలిసిందే. సరైన ఎర్తింగ్, ఒక యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ పెట్టవద్దు. ల్యాప్‌టాప్ అయితే మూడేళ్ల వారంటీ తీసుకున్నా బ్యాటరీకి సాధారణంగా ఏడాదే ఉంటుంది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వంటి చోట భాగాలు ఏరుకుని అసెంబుల్ చేయించుకుంటే ఖర్చు తగ్గవచ్చు గాని, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కంపెనీ, ఒక్కొక్క గడువు ఉంటాయి. ఇంటెల్ డబ్బాలో వచ్చే ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్లు ఉంటుంది, మిగిలినవి వేరు వేరు. ఏ భాగం చెడిందో కనిపెట్టే భారం మీ మీదే పడుతుంది. ఆ పని తెలిసినవారు ఇంట్లో లేకపోతే నేను సలహా ఇవ్వను.

బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. 18 శాతం జీఎస్టీ మిగిలినట్టు కనిపిస్తుంది గాని, సీరియల్ నంబరు రాసిన బిల్లు లేకపోతే కొన్న తేదీ రుజువు చేయలేరు. కొన్న రోజే కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వేసి గడువు చూడండి. మాకు అది బిల్లు తేదీకి నలభై రోజుల ముందు నుంచి లెక్కించినట్టు కనిపించింది. బిల్లు ప్రతి పంపాక సరిచేశారు.

ఎవరూ పట్టించుకోని పరిస్థితి వస్తే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా అక్కడికి వెళ్లనవసరం లేదు. వివాదానికి కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. కొన్న విలువ అయిదు లక్షలలోపు ఉంటే రుసుము లేదు. రాసి ఇచ్చిన వారంటీకి తగినట్టుగా వస్తువు లేకపోతే తయారీదారు బాధ్యుడని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. అందుకే ప్రతి ఫోన్ సంభాషణ తరువాత ఫిర్యాదు నంబరు, తేదీ, వారు చెప్పిన మాట మెయిల్‌లో రాసి కంపెనీకే పంపి ఉంచుకోవాలి.

ఇప్పుడు మీ ఆరు వేల సంగతి. ఆ మూడేళ్ల వారంటీ తయారీ కంపెనీదా, లేక దుకాణంవారో మరో సంస్థవారో అమ్ముతున్నదా అని ముందు అడగండి. కంపెనీదైతే డబ్బు కట్టిన తరువాత వెబ్‌సైట్‌లో మీ సీరియల్ నంబరు కింద కొత్త గడువు కనిపించాలి. కంపెనీదే అయి, మీ పిన్‌కోడ్‌కు మనిషి వస్తాడంటే ఆ ఆరు వేలు పెట్టడం మంచిదే. రాకపోతే ఏడాది వారంటీతోనే తీసుకుని, ఆ డబ్బుతో యూపీఎస్, ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనండి. మీ పిన్‌కోడ్ గురించి దుకాణదారు నోటిమాటగా చెప్పినది చాలదు. కంపెనీకే మెయిల్ రాసి, జవాబు వచ్చిన తరువాతే డబ్బు చెల్లించండి.