తోడల్లుడు చెప్పిన కంపెనీ మంచిదేనా?

ప్రశ్న: నా వయసు 34, ఉండేది బాచుపల్లి, ప్రైవేటు ఉద్యోగం. నాలుగేళ్ల పాప ఉంది. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు, ఫ్లాట్ లోన్ ఇంకా 38 లక్షలు కట్టాలి. పోయినేడాది మా తోడల్లుడి దగ్గర 12 లక్షల ఎండోమెంట్ పాలసీ తీసుకున్నాను, ఏడాదికి 1.2 లక్షల ప్రీమియం. తను ఇండిపెండెంట్ ఏజెంటునని, అన్ని కంపెనీలూ చూశాకే ఇది ఇస్తున్నానని చెప్పాడు. మా ఆఫీసుకు వచ్చే ఇంకో ఏజెంటేమో ఆ కంపెనీ వద్దంటున్నాడు. ఎవరిని నమ్మాలి? వచ్చే నెల రెండో ప్రీమియం కట్టాలి, చేతిలో డబ్బు లేదు, పర్సనల్ లోన్ తీసుకోనా? రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: ముందు లోన్ సంగతి. వద్దండీ. ఎండోమెంట్ లాంటి పొదుపు పాలసీకి అప్పు చేసి ప్రీమియం కట్టడమంటే, పాలసీ ఇచ్చే రాబడి కన్నా చాలా ఎక్కువ వడ్డీ బ్యాంకుకు కడుతూ దాన్ని పొదుపు అనుకోవడమే. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ ఇదే చెబుతున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ ఇద్దరిలో ఎవరూ మీకోసం కంపెనీని ఎంచలేదు. మన దేశంలో వ్యక్తిగత ఏజెంట్ ఒక్క జీవిత బీమా కంపెనీ పాలసీలే అమ్మాలి, రెండో కంపెనీవి అమ్మడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఈ రూలు పెట్టిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది, అయినా హైదరాబాద్‌లో సగం మందికి ఈ సంగతి తెలియదు. మీ తోడల్లుడు తన దగ్గరున్నది చూపించాడు, ఆఫీసు ఏజెంట్ తన దగ్గరున్నది చూపిస్తున్నాడు. అన్ని కంపెనీలవీ అమ్మగలిగేవాడు బ్రోకర్. బ్యాంకులాంటి కార్పొరేట్ ఏజెంట్లు తొమ్మిది జీవిత బీమా కంపెనీల దాకా పెట్టుకోవచ్చు. వాళ్లకూ కమీషన్ ఇచ్చేది కంపెనీయే. పైగా 2023 ఏప్రిల్ నుంచి ఒక్కో పాలసీకి ఇంతే కమీషన్ అన్న పరిమితి తీసేశారు, కంపెనీ మొత్తం ఖర్చుల మీదే హద్దు ఉంది. కాబట్టి ఏ కంపెనీ ఎక్కువిస్తే దాని పేరే ముందు చెప్పేవాళ్లు ఉంటారు, మార్చి నెలలో టార్గెట్ల టెన్షన్‌లో ఇంకా ఎక్కువ.

మంచి బ్రోకర్ ఎలా ఉంటాడో కూడా చెబుతాను. కంపెనీ పేరు ఎత్తకముందే మీ బీపీ రీడింగ్ ఎంత, ఏ మాత్ర, సిగరెట్ ఉందా, అమ్మానాన్నలకు గుండె జబ్బుందా అని అడుగుతాడు. ఎందుకంటే ఒకే బీపీకి ఒక కంపెనీ మామూలు ప్రీమియానికే ఇస్తుంది, ఇంకోటి ప్రీమియం పెంచుతుంది, మరోటి వాయిదా వేస్తుంది. ఆ తేడా తెలిసి కంపెనీని సూచించడమే అతని పని. క్లెయిమ్ శాతం 98, 99 అని చూపించి సరిపెట్టేవాడు ఆ పని చేయనట్టే.

ఆమధ్య ఒకావిడ భర్త పాలసీ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ దరఖాస్తులో, ఆరోగ్యం గురించిన ప్రశ్నలన్నిటికీ ఒకే నీలి ఇంకుతో 'లేదు' అని టిక్కులు. కింద సంతకం మాత్రం నల్ల ఇంకుతో, పక్కనే పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ మార్కు ఇంకా చెరగలేదు. ఆయనకు షుగర్ ఉండేది, రెండో ఏడాదిలో పోయారు. మూడేళ్లు దాటితే బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించలేదు, ఆలోపు మాత్రం దాచిన జబ్బు పేరుతో క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు, కొట్టింది కూడా. ఆ టిక్కులు పెట్టిన ఏజెంట్ ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు.

మీ విషయంలో కంపెనీ పేరు కన్నా నన్ను భయపెడుతున్నది ఆ 12 లక్షలు. మీరు లేకపోతే ఫ్లాట్ లోన్ మూడో వంతు కూడా తీరదు. ఇంటి ఖర్చు ఏడాదికి 5.4 లక్షలు, పాప కాళ్ల మీద నిలబడేదాకా ఇరవై ఏళ్లకు కోటి పైన, దానికి లోన్ కలిపితే కోటిన్నర టర్మ్ కవర్, అంటే పొదుపు లేకుండా మనిషి పోతేనే డబ్బిచ్చే బీమా, కావాలి. దాని ప్రీమియం ఇప్పుడు మీరు కట్టేదాంట్లో చిన్న ముక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. బీపీ సంగతి దాచకుండా రాసి, మందుల చీటీ జతచేసి, రెండు మూడు కంపెనీలకు కోట్ అడగండి. ప్రీమియం కాస్త పెంచినా తీసుకోండి.

అది చేతికొచ్చేదాకా పాత పాలసీ జోలికి వెళ్లొద్దు. ప్రీమియం తేదీ తర్వాత 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది, ఆలోగా టర్మ్ పూర్తవుతుందేమో గట్టిగా ప్రయత్నించండి. 2024 అక్టోబర్ నుంచి వచ్చిన రూళ్ల వల్ల ఏడాది ప్రీమియం కట్టి పాలసీ వదిలేసేవాళ్లకూ సరెండర్ కింద కొంత వస్తుంది, ఎంతో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. వచ్చింది ఆరు నెలల ఖర్చుకు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. మ్యూచువల్ ఫండ్ల సంగతి తర్వాత.

తోడల్లుడితో గొడవ పడకండి, పండక్కి కలవాల్సిన మనిషి. కానీ మీ పాలసీ డాక్యుమెంట్‌తో పాటు ప్రపోజల్ ఫారం కాపీ ఉంటుంది, ఈ రాత్రే తీసి బీపీ ప్రశ్న దగ్గర ఏం టిక్ పెట్టి ఉందో చూడండి. 'లేదు' అని ఉంటే వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా నిజం చెప్పి, ఆ కాపీ మీ భార్య చేతికి ఇవ్వండి.